జల్ది వంట

"జల్ది" అన్న మాట కొత్తవాడ ఇళ్ళల్లో పొద్దుటి నుంచి రాత్రి దాకా వినపడుతూనే ఉంటుంది. ఉర్దూ నుంచి వచ్చి తెలంగాణ తెలుగులో కలిసిపోయిన ఈ మాటని ఎవరు ఎవరితో అంటున్నారో కాస్త గమనిస్తే ఆ ఇంటి శ్రమ విభజన సగం అర్థమైపోతుంది. మగ్గం మీద కూర్చున్న మనిషి చేతిలో కండె అయిపోగానే అంటాడు. బడికి పోయే పిల్లలు టిఫిన్ డబ్బా కోసం అంటారు. మందు వేసుకునే ముందు ఏదన్నా తినాల్సిన ముసలాయన అంటాడు. వినాల్సింది మాత్రం ఎప్పుడూ ఒకే మనిషి.

మన వంటల చరిత్ర అంటూ ఇప్పటి వరకూ రాసినదంతా చాలావరకు తీరుబడి వంటల చరిత్ర. పండగ పిండివంటలు, పెళ్ళి విందులు, నవాబుల దస్తర్ఖాన్లు, ఊరగాయలు. వీటికి పేర్లున్నాయి, కొలతలున్నాయి, వర్ణనలున్నాయి. తొందరలో వండి తొందరలో తినేసిన వంటకు చరిత్ర ఉంటుందని ఎవరూ అనుకోలేదు. స్త్రీల జీవితాల్లో ఎక్కువ రోజులు గడిచింది మాత్రం ఆ వంటతోనే. అందుకని ఈ వ్యాసంలో నేను ఏ ప్రాచీనతా లేని, ఏ పండగకూ సంబంధం లేని ఒక వంటను తీసుకుంటున్నాను. ఉడకబెట్టిన పాస్తాలో ఆకుకూర, చీజ్ కలిపి ఇరవై నిమిషాల్లో చేసే వంట. పత్రికల మహిళా పేజీలు "ఉద్యోగం చేసే మహిళల కోసం" అని అచ్చువేసే రకం. అది వరంగల్ కొత్తవాడ లాంటి నేతపేటలోకి ఏ దారిన వచ్చింది, వచ్చి ఎవరి సమయాన్ని ఎవరికి మిగిల్చింది అన్నది నా ప్రశ్న.

కొత్తవాడ గురించి తెలియనివాళ్ళకి ఒక మాట. జంపఖానాలకి, షత్రంజీలకి పేరుపడ్డ పేట ఇది. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనకి వరంగల్ తివాచీలు వెళ్ళాయని గర్వంగా చెప్పుకుంటాం. 2018లో వరంగల్ డర్రీలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈ రెండు తేదీల మధ్య 1934లో ఇక్కడ ఆజంజాహీ మిల్లు పెట్టారు, వేలమందికి షిఫ్టుల లెక్కన పని దొరికింది, 2002 నాటికి అదీ మూతపడింది. చేతిమగ్గం చరిత్రయినా మిల్లు చరిత్రయినా చెప్పేటప్పుడు మనకి కనిపించేది మగ్గం ముందో యంత్రం ముందో ఉన్న మగ మనిషి. నూలు తోడడం, కండెలు చుట్టడం, పోగులు అతకడం లాంటి పనులు ఇంట్లో ఆడవాళ్ళు చేస్తారు. కొందరు మగ్గం మీదా కూర్చుంటారు. 2019-20లో జరిగిన నాలుగో అఖిల భారత చేనేత గణన ప్రకారం దేశంలో 35 లక్షల పైచిలుకు చేనేత కార్మికుల్లో 25 లక్షలకు పైగా, అంటే నూటికి 72 మంది, స్త్రీలే. ఆ గణన కార్మికుల్ని "నేతగాళ్ళు", "అనుబంధ కార్మికులు" అని రెండుగా విడగొడుతుంది. ఈ "అనుబంధ" అన్న విశేషణం దగ్గర ఆగి ఆలోచించాలి. కండె లేనిదే నాడె నడవదు. మరి ఏది దేనికి అనుబంధం?

నేత ఇంట్లో వంట ఎప్పుడూ జల్ది వంటే. ఇది మిక్సీలతో, ప్రెషర్ కుక్కర్లతో మొదలైన సంగతి కాదు. పొయ్యి దగ్గర ఎక్కువసేపు ఉంటే రాట్నం ఆగుతుంది, రాట్నం ఆగితే మగ్గం ఆగుతుంది. పొయ్యి మీద ఏదో ఉడుకుతుండగా ఇవతల కండెలు చుట్టుకోగల వంటలే రోజువారీ వంటలయ్యాయి. జొన్న గట్క, అంబలి, పప్పులో వేసిన ఆకుకూర, చింతపులుసు. సర్వపిండి కూడా ఈ వరసలోదే. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, కారం, కాసింత ఉల్లాకు కలిపి సర్వకి లోపల అద్ది పొయ్యి మీద పెడితే దానంతట అదే కాలుతుంది. అన్నం, కూర, చారు అని మూడు గిన్నెలు కడగాల్సిన పని లేదు. ఇప్పుడు దీన్ని వరంగల్ ప్రత్యేక వంటకం అని హోటళ్ళలో అమ్ముతున్నారు. మంచిదే. చేతులు ఖాళీ లేని ఆడవాళ్ళు కనిపెట్టిన ఉపాయం అది అని మెనూ కార్డులో ఎవరూ రాయరు.

పొయ్యి మీద ఉడికే సమయాన్ని మాత్రమే లెక్కేస్తే పాతకాలపు జొన్న వంట కూడా పెద్ద ఆలస్యం కాదు. ఆలస్యమంతా పొయ్యికి ముందుంది. విసుర్రాయి దగ్గర, రోలు దగ్గర, తెల్లవారుజామున. తెలుగు సాహిత్య విద్యార్థులం మనం విసుర్రాయి పాటల్ని ఎంతో ప్రేమగా సేకరించుకున్నాం. ఓరుగల్లు ప్రాంతం వాడైన బిరుదురాజు రామరాజు లాంటి పండితులు వేసిన దారిలో వాటిని శ్రమ గేయాలుగా వర్గీకరించుకున్నాం, ఛందస్సు చూశాం, పాఠాంతరాలు చూశాం. ఒక పాట పూర్తయ్యేసరికి ఎన్ని శేర్ల జొన్నలు పిండయ్యేవో, ఆ పిండితో ఎంతమంది తినేవాళ్ళో మాత్రం అడగడం మరిచిపోయాం. పాట మిగిలింది, గంటలు మిగల్లేదు. పిండి గిర్ని వచ్చాక పాట పోయిందని బాధపడిన జానపద పరిశోధకుల్ని చూశాను కానీ, గిర్ని వచ్చినందుకు బాధపడిన విసురు చేతుల్ని నేను చూడలేదు.

1983లో రెండు రూపాయలకి కిలో బియ్యం వచ్చినప్పుడు తెలంగాణ పల్లెల్లో, పేద పేటల్లో జొన్న రొట్టె స్థానంలోకి అన్నం వేగంగా వచ్చింది. దీన్ని ఆహార సంస్కృతి నష్టంగా, పోషకాహార నష్టంగా చాలామంది రాశారు. అది నిజం. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో జహీరాబాదు దళిత స్త్రీలు చిరుధాన్యాల్నీ, విత్తకుండానే పొలాల్లో మొలిచే ఆకుకూరల్నీ నిలబెట్టుకోవడానికి చేసిన కృషిని నేను గౌరవిస్తాను. కానీ అన్నం అంత తొందరగా గెలవడంలో సమయానికీ పాత్ర ఉందని మరవకూడదు. రొట్టె ఒక్కొక్కటే చెయ్యాలి, వేడిగా ఉన్నప్పుడే పెట్టాలి, అందరూ తినేదాకా పొయ్యి ముందు నుంచి లేవడానికి లేదు. అన్నం ఒకసారి వార్చితే ఇంటిల్లిపాదికీ సరిపోతుంది, చేసిన మనిషి వేరే పనికి పోవచ్చు. 1999లో దీపం పథకం కింద పొదుపు సంఘాల స్త్రీలకి గ్యాస్ కనెక్షన్లు ఇచ్చినప్పుడు కట్టెల పొగ నుంచి విముక్తి అన్నారు. విముక్తే. ఆ మిగిలిన గంట ఎటుపోయిందన్న లెక్క మాత్రం ఎవరూ తియ్యలేదు.

ఇప్పుడు పాస్తా దగ్గరికి వస్తాను. దారంలా సాగదీసిన పిండి మనకి కొత్త కాదు. రంజాన్‌కి షీర్ ఖుర్మాలో వేసే సేమ్యాలు వరంగల్ ముస్లిం ఇళ్ళ నుంచి పక్కింటి హిందూ ఇళ్ళకి గిన్నెల్లో నడిచి వచ్చినవే. పాస్తాని మార్కోపోలో చైనా నుంచి ఇటలీకి తెచ్చాడనే కథ బాగా చెలామణిలో ఉంది కానీ, అతను పుట్టకముందే, 1154 ప్రాంతంలో అల్ ఇద్రీసీ అనే అరబ్బు భూగోళ శాస్త్రవేత్త సిసిలీ ద్వీపంలోని ట్రాబియాలో "ఇత్రియ్యా" అనే పిండి దారాల్ని పెద్ద ఎత్తున చేసి ఓడల్లో పంపేవారని రాశాడు. ఎండబెట్టిన పిండి, నిలవ ఉండే పిండి, ప్రయాణాలకి పనికొచ్చే పిండి. ఎండబెట్టడం అంటేనే ఒకరి శ్రమని ముందే చేయించి దాచుకోవడం. వడియాలు, అప్పడాలు పెట్టే మనకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

తెలుగునాట ఈ పిండిని ఫ్యాక్టరీ సరుకుగా ఇంటింటికీ చేర్చింది హైదరాబాదు కంపెనీ బాంబినో. 1980లలో మొదలైంది. పేరు ఇటాలియన్, అర్థం పసిపిల్లవాడు. ఫ్యాక్టరీ బీబీనగర్‌లో, వరంగల్ నుంచి హైదరాబాదు పోయే రైలు ఆగే దారిలోనే. సేమ్యా పాకెట్ల పక్కన మాకరోనీ పాకెట్లు కూడా వాళ్ళే అమ్మారు. సేమ్యా వెంటనే ఇంట్లో మనిషైపోయింది, ఉప్మా అయింది, పాయసం అయింది. మాకరోనీ చాలాకాలం దుకాణం అరల్లో దుమ్ముపట్టి ఉండిపోయింది. అంతలో 1983లో మ్యాగీ "రెండు నిమిషాలు" అంటూ వచ్చింది. ఆ ప్రకటనల్లో ఆకలేసిన పిల్లలుంటారు, నవ్వే తల్లి ఉంటుంది. రెండు నిమిషాలు ఎవరికి మిగులుతున్నాయో ప్రకటనలో ఉండదు, తల్లి ఆ రెండు నిమిషాలూ పిల్లల్నే చూస్తూ నిలబడి ఉంటుంది. మ్యాగీ వేసిన దారిలోనే తర్వాత పాస్తా వచ్చింది. టీవీ వంటల కార్యక్రమాలు, సూపర్‌మార్కెట్లు కొంత తెచ్చాయి. అమెరికా వెళ్ళిన పిల్లలు ఇంకొంత తెచ్చారు. కూతురి కాన్పుకో కోడలి కాన్పుకో ఆరునెలల వీసా మీద వెళ్ళి, బాలింతకీ పసిబిడ్డకీ జీతం లేని ఆయాగా పనిచేసి తిరిగొచ్చిన అమ్మమ్మలు, నాయనమ్మలు అక్కడ నేర్చుకున్న రెండు మూడు వంటల్లో ఇదొకటి. మాకరోనీ, చీజ్ కలిపిన వంటకి ఆ దేశంలో ఉన్న చరిత్ర కూడా ఇలాంటిదే. 1937లో, ఆర్థిక మాంద్యం రోజుల్లో, క్రాఫ్ట్ కంపెనీ మాకరోనీనీ చీజ్ పొడినీ ఒకే డబ్బాలో పెట్టి నలుగురికి భోజనం, తొమ్మిది నిమిషాలు, పంతొమ్మిది సెంట్లు అని అమ్మింది. తర్వాత యుద్ధం వచ్చి మాంసానికీ పాలకీ రేషన్ పెట్టాక, స్త్రీలు ఫ్యాక్టరీలకి పోవాల్సి వచ్చాక దాని అమ్మకాలు ఇంకా పెరిగాయి. డబ్బు లేకపోవడం, సమయం లేకపోవడం, ఈ రెండూ కలిసిన చోట పుట్టిన వంట అది. మన దగ్గరికి వచ్చేసరికి దానికి ఖరీదైన వంటగా, పట్నం వంటగా వేషం మారింది.

చీజ్ గురించి చెప్పాలంటే ముందు నిఘంటువుతో పేచీ పెట్టుకోవాలి. ఇంగ్లిషు-తెలుగు నిఘంటువులు చీజ్‌కి "జున్ను" అని అర్థం రాసి చేతులు దులుపుకున్నాయి. జున్ను ఈనిన గేదె పాలతో చేసేది, ఏడాదికి ఒకటి రెండుసార్లు, పాడి ఉన్న ఇంటి నుంచి ఇరుగుపొరుగుకి గిన్నెలో పంచేది. చీజ్ విరిగిన పాలని నిలవబెట్టేది. ఒకటి కానుక, ఇంకొకటి నిలవ సరుకు. అనువాద పాఠాల్లో ఐరోపా పేద రైతు రొట్టె, జున్ను తిన్నాడని చదివి, ఆ రైతు ఇంట్లో రోజూ గేదె ఈనుతుందా అని బడిలో మేము నవ్వుకునేవాళ్ళం. మన దగ్గర పాలు విరగడం నష్టం, అపశకునం. విరిగిన పాలల్లో చక్కెర వేసుకుని పొయ్యి పక్కనే నిలబడి తినేసేది కూడా ఆ పాలు కాచిన మనిషే, ఎవరికీ పెట్టలేనిది కాబట్టి.

ఇక ఈ వంటకి ముందు తగిలించే "శాకాహార" అన్న విశేషణం. ఇది ఎవరి మాట? కొత్తవాడలో చాలా ఇళ్ళల్లో "కూర" అంటేనే మాంసం. మాంసం లేని రోజుకి శనివారమనో, ఒక్కపొద్దనో, చేతిలో పైసల్లేవనో కారణం ఉంటుంది. అది ఒక అస్తిత్వం కాదు. శాకాహారం అన్నది గుణంగా, శుచిగా, కులంగా మారింది వేరే ఇళ్ళల్లో. 2001లో ఆహార పాకెట్ల మీద ఆకుపచ్చ చుక్క తప్పనిసరి అయ్యాక ఆ ఇళ్ళ గీత దుకాణం అరల మీదికి కూడా వచ్చింది. తమాషా ఏమిటంటే, ఇటలీ పాస్తాల మీద చల్లే పేరున్న పార్మెజాన్ చీజ్‌ని అక్కడి నియమాల ప్రకారం దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్‌తోనే తోడు పెట్టాలి. కాబట్టి ఆ కొలత ప్రకారం అది శాకాహారం కాదు. మన దుకాణాల్లో దొరికే అమూల్ చీజ్ మీద ఆకుపచ్చ చుక్క ఉంటుంది, దాన్ని జంతు రెన్నెట్ లేకుండా చేస్తారు. చీజ్ కూడా కులం మార్చుకుని గానీ మన వంటింట్లోకి రాలేకపోయింది.

పాల సంగతి వచ్చింది కాబట్టి ములుకనూరుని తలుచుకోకుండా ముందుకు పోలేను. వరంగల్‌కి దగ్గర్లోని ములుకనూరులో, 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం ఆసరాగా, పూర్తిగా స్త్రీలే సభ్యులుగా, స్త్రీలే పాలకవర్గంగా 2000ల మొదట్లో ఒక డెయిరీ మొదలైంది. "స్వకృషి" అన్న పేరుతో పాలు అమ్ముతుంది. గడ్డి కోసేది, పేడ తీసేది, పాలు పితికేది స్త్రీలే అయినా పాల డబ్బులు మగవాళ్ళ చేతికి పోయే చోట, ఖాతా పుస్తకం స్త్రీ పేరు మీద ఉండడం చిన్న సంగతి కాదు. ఆకుపచ్చ చుక్క కన్నా నాకు ఇలాంటి గుర్తు ఏదైనా పాకెట్ మీద ఉంటే బాగుండుననిపిస్తుంది.

పోయిన ఏడాది కొత్తవాడలో మా చిన్నమ్మ ఇంట్లో ఈ వంట నేనే చేశాను. చెయ్యడం సులువు. రెండున్నర లీటర్ల నీళ్ళు తెర్లుతున్నప్పుడు ఉప్పు వేసి పావుకిలో మాకరోనీ వెయ్యాలి. ఎనిమిది నుంచి పది నిమిషాలు. అది ఉడికేలోపు పక్క పొయ్యి మీద నూనెలో దంచిన ఎల్లిపాయలు, నాలుగు ఎండుమిరపకాయలు వేయించి, తరిగిన పాలకూర రెండు కట్టలు వేస్తే రెండు నిమిషాల్లో ముద్దవుతుంది. పాలకూర దొరకకపోతే లేత తోటకూర. మెంతికూర అయితే కాసింత చేదు వస్తుంది, నాకు అదే ఇష్టం. మాకరోనీ వార్చి ఆకుకూరలో వేసి, వార్చిన నీళ్ళు ఒక గ్లాసు పోసి, మంట ఆర్పాక తురిమిన చీజ్ కలపాలి. మంట మీద ఉండగా వేస్తే చీజ్ ఉండలు కట్టి గిన్నెకి అతుక్కుంటుంది.

నేను మాకరోనీ వార్చి ఆ నీళ్ళు మోరీలో పొయ్యబోతుంటే చిన్నమ్మ చెయ్యి పట్టుకుంది. "గంజి పారబోస్తవా బిడ్డా? మతి ఉన్నదా నీకు?" అంది. ఇటలీ వంటవాళ్ళు చెప్పే రహస్యం కూడా ఇదే. ఆ నీళ్ళల్లో పిండి ఉంటుంది, అది చీజ్‌లోని కొవ్వునీ నీటినీ విడిపోకుండా పట్టి ఉంచుతుంది. చిన్నమ్మకి ఈ రసాయన శాస్త్రం ఎవరూ చెప్పలేదు. నేత ఇంట్లో పుట్టి నేత ఇంటికి వచ్చిన మనిషికి గంజి అంటే ఏమిటో వేరే చెప్పాలా? పడుగు పోగులు చీలికలు పోకుండా పట్టి ఉంచేది గంజే, చీరకి నిలకడనిచ్చేది గంజే, కరువు రోజుల్లో ఉప్పేసుకుని తాగిందీ గంజే. కుక్కర్లు వచ్చి అన్నం వార్చడం పోయాక గంజి అన్న పదార్థమే ఇళ్ళల్లోంచి వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళకి ఇటలీ పిండి ఆమెకి దాన్ని తిరిగి తెచ్చిపెట్టింది.

గిన్నెలోకి తొంగి చూసి, "గివేంది, బోటి లెక్కున్నయి. శాకాహారమని చెప్పి బోటి వెడుతున్నవా?" అని నవ్వింది. తిని, "చప్పగున్నది గని మంచిగనే ఉన్నది" అంది. ఆ తర్వాత గోడ గడియారం వైపు చూసి, కోడలితో అన్న మాట నేను నా నోటు పుస్తకంలో రాసుకున్నాను. "జల్ది అయిపాయె గదా. ఇగ గా కండెలు వట్టు."

ఆ కోడలు డిగ్రీ చదివింది. వారంలో రెండుసార్లు ఇదే వంట చేస్తుందట. జల్ది అవుతుందనేనా అని అడిగాను. "జల్ది ఏం గాదు వదినె. ఆకు ఏరెతాల్లకే అరగంట అయితది," అంది. ఆ మాట నన్ను ఆపేసింది. నిజమే, వంటల పుస్తకాల్లో గడియారం ఆకుకూర ఏరి, మట్టి పోయేదాకా మూడు నీళ్ళల్లో కడిగి, తరిగి పెట్టాక గానీ మొదలుకాదు. తయారీకి ఇరవై నిమిషాలు అని రాసిన ప్రతి వంట వెనకా ఒక అరగంట మాయమై ఉంటుంది. చీజ్ అంటిన గిన్నె తోమే సమయం సరేసరి, అది వంట అయిపోయాక వచ్చేది కాబట్టి ఏ లెక్కలోకీ రాదు. మరి ఎందుకు చేస్తున్నావని మళ్ళీ అడిగాను. ఆమె అత్త వైపు ఓసారి చూసి గొంతు తగ్గించింది. "పప్పు జేస్తె ఉప్పెక్కువ అంటరు, పులుసు జేస్తె మా అమ్మ గిట్ల జేస్తుండె అంటరు. దీనికి ఎట్లుండాల్నో ఈ ఇంట్ల ఎవ్వలకు తెల్వది వదినె. నేనెట్ల జేస్తె అదే మంచిగున్నట్టు."

సంప్రదాయ వంటల మీద మనం రాసిన వ్యాసాల్లో రుచిని జ్ఞాపకంగా, అమ్మతనంగా, ప్రాంతీయ అస్తిత్వంగా చూశాం. అస్తిత్వ ఉద్యమాలు నడిచిన నేల మీద అది అవసరమే. కానీ రుచి ఇంటి లోపల ఒక అధికారం కూడా. ఎవరి నాలుక ప్రమాణం? ఎవరి తల్లి చేతి పులుసు కొలబద్ద? పరాయి ఇంటికి వచ్చిన పిల్ల ఆ ఇంటి నాలుకకి తన చేతిని అలవాటు చేసుకోవడానికి ఏళ్ళు పడుతుంది, ఈలోగా తన పుట్టింటి రుచి తనకే మరపుకొస్తుంది. ఎవరికీ ప్రమాణం తెలియని వంట ఆ పిల్లకి దొరికిన చిన్న జాగా. విమల "వంటిల్లు" కవిత చదివి మన తరం వంటింటిని బద్దలుకొట్టాలని కలగంది. ఈ పిల్ల బద్దలు కొట్టడం లేదు, అత్తగారి తీర్పు అందని ఒక గిన్నెని పొయ్యి మీద పెట్టుకుంది. దాన్ని ప్రతిఘటన అనే పెద్ద మాటతో పిలవడానికి నాకు సంకోచంగా ఉంది. ప్రపంచీకరణ ఇచ్చిన భ్రమ అని కొట్టిపారెయ్యడానికి అంతకన్నా ఎక్కువ సంకోచంగా ఉంది.

అయితే కండెలు అలాగే ఉన్నాయి. చిన్నమ్మ అన్న ఆ ఒక్క మాటలో రూత్ ష్వార్జ్ కోవన్ 1983లో అమెరికా ఇళ్ళ గురించి రాసిన పుస్తకమంతా ఉంది. బట్టల యంత్రాలు, గ్యాస్ పొయ్యిలు వచ్చాక పని తగ్గలేదు, పని ప్రమాణాలు పెరిగాయి, ఇంతకు ముందు మగవాళ్ళో పిల్లలో చేసే పనులు కూడా తల్లి మీదికి చేరాయి అంటుంది ఆమె. నేత ఇంట్లో ఇంకో మెలిక ఉంది. ఇక్కడ మిగిలిన సమయం ఇంటి పనిలోకే తిరిగి పోదు, సరుకు తయారీలోకి పోతుంది, అదీ కూలి లేకుండా. జంపఖానాకి వచ్చే మజూరీ మగ్గం పేరు మీద వస్తుంది. కండెకి విడిగా వెల కట్టరు, ఇంటి ఆడమనిషి చుట్టినదైతే అసలే కట్టరు.

మరియా మీస్ 1982లో నర్సాపురం లేసు అల్లే స్త్రీల గురించి రాసినప్పుడు సరిగ్గా దీన్నే పట్టుకుంది. ప్రపంచ మార్కెట్‌కి సరుకు తయారుచేస్తున్న స్త్రీల పని, ఇంట్లో ఖాళీగా కూర్చున్న గృహిణుల తీరుబడి వ్యాపకంగా లెక్కలోకి ఎక్కుతుందని చూపించింది. గృహిణి అనే పేరే వాళ్ళ కూలిని తగ్గించే సాధనమయింది. అంతకు పదేళ్ళ ముందు, 1972లో, ఇటలీలోని పాదువాలో మరియారోసా దల్లా కోస్తా, సెల్మా జేమ్స్, సిల్వియా ఫెదెరీచి లాంటివాళ్ళు కలిసి ఇంటి చాకిరీకి వేతనం కావాలన్న ఉద్యమం మొదలుపెట్టారు. పాస్తా పాకెట్టు వచ్చినంత తేలిగ్గా ఆ దేశం నుంచి ఆ డిమాండు మన ఇళ్ళకి రాలేదు.

ఆడవాళ్ళ నొప్పిని యంత్రం దాకా తీసుకుపోయిన సందర్భం మన నేత చరిత్రలో ఒకటుంది. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం, పోచంపల్లి చీరలకి ఆసు పోసీ పోసీ తల్లి భుజం పడిపోవడం చూసి ఏళ్ళ తరబడి కష్టపడి ఆసు యంత్రం తయారుచేశాడు. దానికి తల్లి పేరు లక్ష్మి అనే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో సినిమా వచ్చింది. కొడుకు ప్రేమ గొప్పదే, నేను కాదనను. కానీ ఒక చీరకి వేలసార్లు చెయ్యి ఆడించాల్సిన ఆ పని, ఎన్ని తరాల స్త్రీల భుజాల్ని తినేశాక ఒక సమస్యగా కనిపించిందో కూడా ఆ సినిమా చూసినవాళ్ళు ఆలోచించాలి.

సమయాన్ని లెక్కపెట్టే ప్రయత్నం ప్రభుత్వమూ చేసింది. 1998-99లో మొదటి కాల వినియోగ సర్వే ఆరు రాష్ట్రాల్లో ప్రయోగాత్మకంగా జరిగింది, వాటిలో ఆంధ్రప్రదేశ్ లేదు. 2019లో దేశమంతా చేశారు. జీతం లేని ఇంటి పనిలో పాల్గొన్న స్త్రీలు సగటున రోజుకి 299 నిమిషాలు, పాల్గొన్న పురుషులు 97 నిమిషాలు గడుపుతున్నారని తేలింది. 2024 సర్వేలో ఈ అంకెలు 289, 88 అయ్యాయి. అయిదేళ్ళలో స్త్రీలకి పది నిమిషాలు తగ్గాయి. మగవాళ్ళకి తొమ్మిది తగ్గాయి. పత్రికలు స్త్రీల పది నిమిషాల్ని శీర్షికల్లో పెట్టాయి, మగవాళ్ళ తొమ్మిది నిమిషాల్ని కింద ఎక్కడో పెట్టాయి.

ఆ సర్వే చేసే పద్ధతి కూడా తెలుసుకోవాలి. రోజుని అరగంట ముక్కలుగా విడగొడతారు. ఒక అరగంటలో ఒకటికన్నా ఎక్కువ పనులు చేస్తే, కనీసం పది నిమిషాలు సాగినవి మూడింటి దాకా రాసుకుంటారు. కొత్తవాడలో మా చిన్నమ్మ కోడలు ఆ సాయంత్రం రెండు కండెలు చుట్టింది, లేచి పొయ్యి మీది పాలు దించింది, మళ్ళీ కూర్చుంది, మామకి మందు అందించింది, తెగిన పోగు అతికింది, బడి లెక్క తప్పు చేసిన పిల్లవాడికి సరిదిద్ది చెప్పింది, రేపటికి తోటకూర ఏరడం మొదలుపెట్టి సగంలో ఆపి మళ్ళీ రాట్నం దగ్గరికి వెళ్ళింది. వీటిలో ఏ పనీ పది నిమిషాలు సాగలేదు.